కుట్టుమిషన్ గుర్తుకే మన ఓటు

మా పెద్దనాయన ఎమ్మెల్యేకు పోటీ చేశాడు. 1999లో, మునుగోడు నియోజకవర్గం నుంచి, ఇండిపెండెంట్‌గా. ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడల్లా ఇప్పటి పిల్లలు ముందుగా అడిగేది "ఎన్ని ఓట్లు వచ్చినయ్?" అని. ఓట్ల సంగతి తర్వాత చెప్తాను. అంతకుముందు ఆయన ఎందుకు నిలబడ్డాడో, ఎట్లా నిలబడ్డాడో రాసి పెట్టాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను, ఎందుకంటే అట్లాంటి మనుషుల గురించి పేపర్లో వచ్చేది ఒకే ఒక్క మాట, "ఇతరులు" అని, అంతే.

మాది మునుగోడుకు, చండూరుకు మధ్య ఊరు. పెద్దనాయన గీత కార్మికుడు. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని, నడుముకు కత్తులు కట్టుకుని తాళ్ల వైపు పోతుంటే నేను వెనకాలే పరుగెత్తేదాన్ని. చూస్తుండగానే చెట్టు పైకి చేరిపోయేవాడు. నలభై దాటేసరికి ఆ చెట్లెక్కడం మానేశాడు, మానేశాడనడం కంటే ఒళ్లు మాన్పించింది అనాలి. ముందు మోకాళ్లు, తర్వాత నడుము, ఆ తర్వాత మెడ. మెడ ఎంతగా బిగుసుకుపోయిందంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే ఒళ్లంతా అటు తిప్పాల్సిందే. కల్లు తాగాలన్నా తల వెనక్కి వాలదు, అందుకని పెద్దమ్మ చిన్న గ్లాసులో పోసి ఇచ్చేది, కొద్దికొద్దిగా తాగేవాడు. కింద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. డాక్టరుకు చూపిస్తే నీళ్లు మార్చమన్నాడు. ఏ నీళ్లకు మార్చాలి? లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటారు, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. బావులు ఎండిపోయి బోర్లు లోతుకు పోయిన కొద్దీ అది ఇంకా పెరిగింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు, ఎటు పోయినా గారపళ్ల పిల్లలే, వంకర కాళ్ల పిల్లలే. మా ఊళ్లకు పిల్లనివ్వాలంటే బయటివాళ్లు భయపడేవాళ్లు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టుకుంది. మా జిల్లా పేరుతో ఉన్న ఆ పద్ధతి మా ఊళ్లో కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది, మళ్లీ ఎవరూ దాని మొహం చూడలేదు.

పెద్దనాయన ఎలక్షన్ కథ 1999లో మొదలు కాలేదు, 1996లో మొదలైంది. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీలో ఉన్నారు. ఇప్పుడు చెబితే నమ్మరు గానీ రికార్డుల్లో ఉంది. మా జిల్లాకు మంచినీళ్ల కోసం కొట్లాడుతున్న జల సాధన సమితి వాళ్లు, దాన్ని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ గారు ఊరూరా తిరిగి, మన గోస ఢిల్లీకి వినపడాలంటే మనమందరం నామినేషన్లు వేయాలన్నారు. రైతులు వేశారు, కూలీలు వేశారు, ఫ్లోరైడ్‌తో నడుము వంగినవాళ్లు వేశారు. అన్ని పేర్లు పట్టే బ్యాలెట్ పేపర్ అచ్చు వేయడానికే అధికారులు తల పట్టుకున్నారు, పోలింగ్ వాయిదా వేశారు. చివరికి బ్యాలెట్ ఒక పుస్తకంలా వచ్చింది. దేశమంతా పేపర్లలో నల్లగొండ పేరు, దాని పక్కన ఫ్లోరైడ్ పేరు. ఆ 480 మందిలో మా పెద్దనాయన ఒకడు.

ఆ ఎన్నికలో గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు, సీపీఐ. గీత కార్మికుల సంఘాన్ని నిలబెట్టిన మనిషి. మా పెద్దనాయనకు ఆయనంటే ప్రాణం, ఇంట్లో గోడ మీద దేవుళ్ల పక్కన ఆయన ఫోటో ఉండేది. "మరి ఆయన మీదనే నామినేషన్ ఎట్ల ఏసినవ్ పెద్దనాయనా?" అని అడిగితే, "ఆయన మీద గాదు బిడ్డా, నీళ్ల కోసం ఏసిన. ఓటు ఆయనకే గుద్దుత" అన్నాడు. అట్లాగే చేశాడు కూడా. తన పేరు ఉన్న బ్యాలెట్‌లో తన గుర్తును వదిలేసి ధర్మభిక్షం గారికి ఓటేసి వచ్చాడు. ఆ రోజుల్లో ఇది మా ఊళ్లో ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అదే ఏడు తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డారు, అక్కడ కూడా రైతుల నిరసనే. ఈ రెండూ చూసి చట్టం మార్చారు. లోక్‌సభకు 500 ఉన్న డిపాజిట్ 10,000 అయింది, అసెంబ్లీకి 250 ఉన్నది 5,000 అయింది. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఇండిపెండెంట్ అయితే పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు, గుర్తింపు ఉన్న పార్టీ మనిషికి మాత్రం ఒక్కరు చాలు. ప్రచారానికి ఇచ్చే గడువూ తగ్గించారు. అంటే, నీళ్లు లేవని అరిచినందుకు నీళ్లివ్వడం కంటే ముందు అరిచే దారికి గేటు పెట్టారు. నామినేషన్లు అడ్డగోలుగా వేస్తే ఎన్నిక నడపడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ 480 మంది ఎందుకు వేశారన్నది కూడా అంతే తొందరగా పట్టించుకుని ఉంటే మా పెద్దనాయన మళ్లీ నిలబడాల్సిన పని ఉండేది కాదు.

1999 నాటికి ఆయన మెడ పూర్తిగా బిగిసిపోయింది. ఈసారి అసెంబ్లీకి వేస్తానన్నాడు. పెద్దమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. 5,000 రూపాయలంటే మాకు అప్పుడు మాటలా! మా నాయన నచ్చజెప్పబోయాడు, "అన్నా, ఓడిపోతమని తెలిసి అంత పైసలు ఎందుకే?" అని. పెద్దనాయన కుర్చీలోంచి ఒళ్లంతా మా నాయన వైపు తిప్పి, "ఓడిపోతనని నాకు తెల్వదారా? లీడర్లు మనూరికొచ్చి కరెంటు ముచ్చట చెప్తరు, రోడ్ల ముచ్చట చెప్తరు. నీళ్ల ముచ్చట ఒక్కడన్న ఎత్తుతుండా? నేను నిలబడితే ఎత్తక తప్పదు" అన్నాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

డబ్బులు గీత సొసైటీ వాళ్లు కొంత పోగు చేశారు, బత్తాయి తోటలున్న ఒకాయన కొంత ఇచ్చాడు, పెద్దమ్మ చివరికి తనే కమ్మలు తీసి ఇచ్చింది. అలిగిన మనిషే ఇచ్చింది. నేనప్పుడు నల్లగొండలో ఇంటర్ చదువుతున్నాను, చేతిరాత బాగుంటుందని కాగితం పని మొత్తం నాకు అప్పజెప్పారు.

నామినేషన్ ఫారం నింపడం ఎంత పనో అప్పుడు తెలిసింది. పదిమంది ప్రతిపాదకులూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి, ఒక్కొక్కరిది ఓటర్ల లిస్టులో ఏ పార్టు, ఏ సీరియల్ నంబరో తప్పు లేకుండా రాయాలి. ఒక్క అంకె తేడా వచ్చినా స్క్రూటినీలో కొట్టేస్తారని టెన్షన్. లిస్టులో మా ఊరి పేర్లన్నీ అచ్చుతప్పులే, ఒకాయన తండ్రి పేరు స్థానంలో భార్య పేరు పడింది. ఇంకో చిక్కు, పదిమందిలో సగానికి పైగా వేలిముద్ర వాళ్లు. సంతకమైతే ఇంటి దగ్గర పెట్టి పంపొచ్చు, వేలిముద్ర అయితే అధికారి ముందర వేయాలి. అందుకని వాళ్లందరినీ జీపులో ఎక్కించుకుని ఆఫీసుకు పోయాం. ముసలివాళ్లు ఉతికిన ధోవతులు కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని పెళ్లికి బయల్దేరినట్టు వచ్చారు. ఒక్కొక్కరు బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తుతుంటే ఆ గుమస్తా మొదట విసుక్కున్నాడు, తర్వాత పెద్దనాయన నిలబడలేక గోడకు ఆనుకోవడం చూసి తనే కుర్చీ తెచ్చి వేశాడు. ప్రమాణం చదవాల్సి వస్తే పెద్దనాయన "దైవసాక్షిగా" వద్దన్నాడు, సత్యనిష్ఠ అన్న మాట ఉన్నదే చదివాడు, తడబడకుండా చదివాడు. రాత్రంతా నాతో చదివించుకుని కంఠతా పట్టాడు మరి.

విత్‌డ్రాకు గడువు ముగిసే ముందు రోజు ఒక పెద్ద పార్టీ వాళ్లు మా ఇంటికి వచ్చారు. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అనవసరం. ఆయన ఓట్లు చీలుస్తాడని కాదు, మా గీత కార్మికుల ఊళ్లలో నాలుగు ఓట్లయినా ఎందుకు పోగొట్టుకోవాలని. డిపాజిట్ డబ్బులు మేమిస్తాం, ఇంకా పైన ఇస్తాం అన్నారు. పెద్దనాయన పెద్దమ్మతో వాళ్లకు మంచినీళ్లు ఇమ్మన్నాడు. మా బోరు నీళ్లే. ఇద్దరు తాగలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఆయన అన్నాడు, "పైసలు వద్దు. గెలిస్తే కృష్ణ నీళ్లు ఎన్నేండ్లల్ల తెస్తరో కాగితం మీద రాసి సంతకం పెట్టుండ్రి. ఇప్పుడే విత్‌డ్రా అయిత." వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గెలిచినంక మాట్లాడుకుందాం లెమ్మని లేచారు.

గుర్తు కోసం మూడు పేర్లు వరుసగా రాసివ్వాలి. మొదటిది ఇంకొకాయన కూడా అడిగితే చిట్టీ తీశారు, అది ఆయనకే పోయింది. మాకు కుట్టుమిషన్ వచ్చింది. కొంచెం దిగులు పడ్డాం, నీళ్ల కోసం నిలబడ్డ మనిషికి కుట్టుమిషన్ ఏంటని. మా ఊరి దర్జీ మాత్రం పొంగిపోయాడు. తన మిషనే తీసుకొచ్చి అద్దెకు తెచ్చిన ట్రాలీ ఆటో మీద తాళ్లతో కట్టాడు, తనూ దాని వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఊరు వచ్చిందంటే చాలు మిషన్ తొక్కడం మొదలుపెట్టేవాడు, బట్ట లేకపోయినా సూది పైకీ కిందికీ ఆడుతుండేది, మైకులో పెద్దనాయన గొంతు వెనకాల ఆ టకటక కూడా వినపడేది. పిల్లలు ఆటో వెంట పరుగెత్తేవాళ్లు. వానలు పడి రోడ్లన్నీ బురద, గుంత వచ్చినప్పుడల్లా పెద్దనాయన మెడ కలుక్కుమని పళ్లు బిగపట్టుకునేవాడు. అయినా ఆటో దిగి ఇంటింటికీ పోయేవాడు. దండం పెట్టి తల వంచడం ఆయనకు కుదరదు, నిటారుగా నిలబడి చేతులు మాత్రం జోడించేవాడు. తెలియనివాళ్లు కొందరు, ఓట్లకొచ్చి కూడా ఇంత పొగరేంటి అనుకున్నారట. తెలిసినవాళ్లు ఏమీ అనలేదు, లోపలికి పోయి మంచం తెచ్చి వేశారు.

ఉపన్యాసం అంటూ ఏమీ ఉండేది కాదు. తన కథే చెప్పేవాడు. ఎన్నేళ్లకు చెట్టు దిగాడో, ఎందుకు దిగాడో. తర్వాత ఆ గుంపులోనే వంకర కాళ్ల పిల్లవాడు ఉంటే ముందుకు పిలిచి "వీడేం తప్పు జేసిండు?" అని అడిగేవాడు. ఎక్కువ మాట్లాడితే ఆయనకు ఆయాసం వచ్చేది, అందుకని నేను కరపత్రం చదివేదాన్ని.

సాయంత్రాలు కల్లు మండువ దగ్గర మాత్రం కథలు సాగేవి. 1952లో రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పోయిన సంగతి పెద్దనాయన తను చూసినట్టే చెప్పేవాడు, అప్పటికి పుట్టాడో లేదో కూడా. తుంగతుర్తి నుంచి రెండుసార్లు గెలిచిన మల్లు స్వరాజ్యం గారు, నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన నర్రా రాఘవరెడ్డి గారు, వీళ్లు ఆయన దృష్టిలో ఎమ్మెల్యేలు అంటే. ఎమ్మెల్యే అంటే మన పక్కన నిలబడి మన మాట పూర్తిగా వినేవాడు అని ఆయన లెక్క. ఎవరైనా "నీకేడ పడతయే ఓట్లు" అంటే, "ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగ ఉండి 89ల పక్క జిల్లా కల్వకుర్తిల ఓడిపోయిండు. 85ల మన నల్లగొండలనే గెలిచిండు. ఓటు సంగతి ఎవనికెరుక?" అనేవాడు. కల్లు మండువలో దానికి ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

ఒక్కటి మాత్రం జరిగింది, ఆయన అన్నట్టే జరిగింది. చివరి వారంలో పెద్ద పార్టీల జీపులు మా వైపు వచ్చినప్పుడు మైకుల్లో మొదటి మాటే ఫ్లోరైడ్. కృష్ణ నీళ్లు తెస్తాం, ఇంటింటికీ నల్లా ఇస్తాం. పెద్దనాయన అరుగు మీద కుర్చీలో కూర్చుని విన్నాడు, దర్జీని పిలిచి "విన్నవా" అన్నాడు.

పోలింగ్ రోజు రెండు బ్యాలెట్లు, లోక్‌సభకు తెల్లది, అసెంబ్లీకి గులాబీ రంగుది. పార్టీల పేర్లన్నీ అయ్యాక చివర్లో ఇండిపెండెంట్లు, ఆ చివర్లో ఎక్కడో మా కుట్టుమిషన్. ముసలివాళ్లకు ఎక్కడ గుద్దాలో ముందే చెప్పాం, కింది నుంచి లెక్కపెట్టుకోమన్నాం.

కౌంటింగ్ అక్టోబర్ 6న. అప్పట్లో అన్ని ఊళ్ల బ్యాలెట్లూ ఒకచోట పోసి, కలిపి, కట్టలు కట్టి లెక్కపెట్టేవాళ్లు, ఏ ఊరు ఎవరికి వేసిందో తెలియకుండా. పెద్దనాయన అభ్యర్థి గనక లోపలికి వెళ్లాడు, ఏజెంటుగా మా నాయన వెళ్లాడు. వచ్చిన ఓట్లు వెయ్యి కూడా దాటలేదు. పోలైన ఓట్లలో చెల్లినవాటిలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగి ఇస్తారు, దాని దరిదాపులకు కూడా పోలేదు. కానీ మా నాయన వచ్చి చెప్పిన ఒక సంగతి మమ్మల్ని అందరినీ కదిలించింది. చెల్లని ఓట్లు తీసి పక్కన పెడుతుంటే పెద్దనాయన అవి చూపించమన్నాడట. వాటిలో కొన్నింట్లో కుట్టుమిషన్ బొమ్మ మీద ముద్ర లేదు, వేలిముద్ర ఉంది. వేలికి పెట్టిన సిరాతోనే బొమ్మ మీద ఒత్తి వేశారు ఎవరో ముసలివాళ్లు. ఇచ్చిన ముద్రతో గుద్దకపోతే ఓటు చెల్లదు, అది రూలు. నామినేషన్‌కు పనికొచ్చిన వేలిముద్ర ఓటుకు పనికి రాలేదు. పెద్దనాయన వాటి గురించి ఏమీ వాదించలేదట. ఒక్కొక్కటి చేతిలోకి ఇవ్వరు కదా, వలకు అవతలి నుంచే చూస్తూ నిలబడ్డాడట, ఆఖరి కట్ట అయ్యేవరకు.

తర్వాత కూడా పని ఉంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పజెప్పాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుడిని చేయొచ్చు. ఆ రిజిస్టర్ నేనే రాశాను. ఆటో కిరాయి, డీజిల్, మైక్ సెట్, కరపత్రాల అచ్చు, టీలు. దర్జీ తన మిషన్‌కు కిరాయి వద్దన్నాడు, పెద్దనాయన ఒప్పుకోలేదు, రోజుకింత అని రాయించి చేతిలో పెట్టాడు. కోట్లు ఖర్చు పెట్టేవాళ్లు ఎట్లాంటి లెక్క రాస్తారో నాకు తెలియదు గానీ మా రిజిస్టర్‌లో సూదికి, దారానికి కూడా రసీదు ఉంది.

మళ్లీ నిలబడలేదు. 2004లో మిషన్ ఓటింగ్ వచ్చాక బటన్ నొక్కడం చూసి, ఇది ఉంటే మా ముసలోళ్ల ఓట్లు పడేవి గదా అని మాత్రం అన్నాడు. కృష్ణ నీళ్లు నల్లాలో రావడం ఆయన చూడలేదు. 2015లో చౌటుప్పల్ దగ్గర, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేసే నాటికే పోయాడు. ఇప్పుడు మా ఇంటికి నల్లా ఉంది, చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది కాదనలేను, సంతోషం కూడా. కానీ అప్పటికే బిగిసిపోయిన ఎముకలకు ఏ నీళ్లూ పని చేయవు. ఫ్లోరైడ్‌తో ఒళ్లు వంకరపోయి, ఫ్లోరైడ్ బాధితుల కోసమే కొట్లాడిన శివన్నగూడెం అంశల స్వామి గారు 2023 జనవరిలో చనిపోయినప్పుడు ఆ వార్త చూసి పెద్దమ్మ రోజంతా ఎవరితో మాట్లాడలేదు.

2022లో మునుగోడు ఉప ఎన్నిక వచ్చినప్పుడు రాష్ట్రం మొత్తం మా వైపే చూసింది. 47 మంది పోటీ, నవంబర్ 3న పోలింగ్, 93 శాతం దాటి ఓట్లు పడ్డాయి. టీవీ వాళ్లు మా ఊరికి కూడా వచ్చారు. ఎవరికి ఎంత ముట్టింది, ఎవరు ఎటు దూకారు, ఇవే ప్రశ్నలు. ఇండిపెండెంట్ల గురించి మాట్లాడితే వాళ్ల గుర్తులు పెద్ద పార్టీ గుర్తును పోలి ఉన్నాయా లేదా అన్నదే చర్చ. వాళ్లలో ఎవరైనా ఏదైనా గోస చెప్పుకోవడానికి నిలబడ్డారా అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఉండే ఉంటారు. 1996లో ఉన్నట్టే.

ఆ 480 మంది పేర్లు, ఊళ్లు ఒకచోట రాయాలని ఇప్పుడు మొదలుపెట్టాను. మా చుట్టుపక్కల వాళ్లవి కొన్ని దొరికాయి, చాలామంది పోయారు, పిల్లలు హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా అప్పుడు నామినేషన్ వేసి ఉంటే, కరపత్రమో, డిపాజిట్ కట్టిన రసీదో, ఏ పాత ట్రంకు పెట్టెలోనో ఉంటే పారేయకండి. నాకు ఒక మాట చెప్పండి, ఎంత దూరమైనా నేనే వచ్చి రాసుకుంటాను.